నాట్యం నేర్చుకునే పిల్లలకు ప్రభుత్వ స్కాలర్‌షిప్‌లు: ముందు పిల్లల వయసు చూసుకోండి

కూకట్‌పల్లి నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది. పెద్దమ్మాయి ఆరేళ్లుగా కూచిపూడి నేర్చుకుంటోంది, ఇప్పుడు పదమూడేళ్లు, వచ్చే ఫిబ్రవరికి పద్నాలుగు నిండుతాయి. చిన్నబ్బాయికి పదేళ్లు, జూబ్లీహిల్స్‌లో బ్యాలే క్లాసుకి వెళ్తున్నాడు. ఇద్దరి ఫీజులూ కలిపితే ఇంటి బడ్జెట్ తలకిందులవుతోంది, ప్రభుత్వం నుంచి ఏమైనా సాయం వస్తుందా, వస్తే ఎవరిని అడగాలి అని.

నేను సికింద్రాబాద్‌లో చాలా ఏళ్లుగా కూచిపూడి నేర్పుతున్నాను. నా దగ్గర నేర్చుకునే పిల్లల దరఖాస్తులు నింపించాను, వాళ్లతో సెలక్షన్లకి వెళ్లాను, కొందరికి వచ్చింది, చాలామందికి రాలేదు. కాబట్టి తెలిసినంతవరకు సూటిగా చెప్తాను.

అమ్మా, మొట్టమొదట మీ అమ్మాయి విషయం చూడండి, ఎందుకంటే మీకు టైం లేదు. సెంట్రల్ గవర్నమెంట్ కింద సీసీఆర్‌టీ అనే సంస్థ ఉంది, సాంస్కృతిక వనరులు, శిక్షణ కేంద్రం. దాని హెడ్డాఫీసు ఢిల్లీ ద్వారకలో ఉన్నా, ప్రాంతీయ కేంద్రం మన మాదాపూర్‌లోనే ఉంది, కూకట్‌పల్లి నుంచి మీకు దగ్గర. వాళ్లు 1982 నుంచి కల్చరల్ టాలెంట్ సెర్చ్ స్కాలర్‌షిప్ అని ఒకటి ఇస్తున్నారు. పదేళ్ల నుంచి పద్నాలుగేళ్ల లోపు పిల్లలకి, గుర్తింపు ఉన్న స్కూల్లో చదువుతుండాలి, దేశం మొత్తం మీద ఏటా 650 మంది దాకా. వయసు జూలై 1 నాటికి లెక్కవేస్తారు. ఫిబ్రవరిలో మీ పాపకి పద్నాలుగు నిండితే వచ్చే జూలైకి ఆమె వయసు దాటిపోయినట్టే. అంటే ఈ ఏడాది నోటిఫికేషనే మీకు ఆఖరిది. నోటిఫికేషన్ తేదీ ఏటా ఒకలాగే ఉండదు, అందుకని సీసీఆర్‌టీ వెబ్‌సైట్ వారానికోసారి తెరిచి చూడండి, లేదా మాదాపూర్ వెళ్లి కనుక్కోండి, వెళ్తే చెప్తారు.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, పద్నాలుగు లోపు ఎంపికైన పిల్లకి ఈ స్కాలర్‌షిప్ ఇరవై ఏళ్లు వచ్చేదాకా, లేదా మొదటి డిగ్రీ పూర్తయ్యేదాకా, ఏది ముందైతే అప్పటిదాకా కొనసాగుతుంది. మధ్యలో రెండేళ్లకోసారి ప్రగతి చూసి పొడిగిస్తారు. పద్నాలుగు దాటాక అప్లై చేద్దాం అనుకున్న పిల్లకి మాత్రం పద్దెనిమిది వచ్చేదాకా కేంద్రం నుంచి విడిగా అప్లై చేసుకునే స్కాలర్‌షిప్ ఇలాంటిది ఇంకోటి లేదు. సరిగ్గా ఆ నాలుగేళ్లలోనే మన ఊళ్లో పిల్లలు నాట్యం మానేస్తారు. తొమ్మిదో తరగతి రాగానే ఫౌండేషన్ క్లాసులు, తర్వాత ఇంటర్, పొద్దున ఆరింటికి వెళ్తే రాత్రి ఎనిమిదింటికి ఇల్లు. నా క్లాసులో పద్నాలుగేళ్ల పిల్లలు పదిమంది ఉంటే పదహారేళ్ల వాళ్లు ఇద్దరు మిగులుతారు. ఆ వయసులో స్కాలర్‌షిప్ చేతిలో ఉన్న పిల్ల మానడానికి ఇంట్లోవాళ్లు కూడా కాస్త ఆలోచిస్తారు, ఎందుకంటే మానేస్తే అదీ పోతుంది. డబ్బు కంటే ఈ ప్రయోజనమే పెద్దదని నా అభిప్రాయం.

డబ్బు ఎంత అంటారా, ఏడాదికి 3,600 స్టైపెండు, దానికి తోడు గురువుకి కట్టిన ఫీజు ఏడాదికి 9,000 వరకు తిరిగిస్తారు. రెండూ కలిపితే గరిష్ఠంగా 12,600, నెలకి వెయ్యీ యాభై అన్నమాట. ఎన్నో ఏళ్లుగా ఇదే లెక్క. హైదరాబాద్‌లో ఇవాళ ఓ మాదిరి క్లాసుకే నెలకి రెండు వేలు తీసుకుంటున్నారు, డ్రెస్సు, గజ్జెలు, ప్రోగ్రాములకి మేకప్ మనిషి ఖర్చు అదనం. ఈ మొత్తాన్ని పెంచాలి, పెంచమని మాలాంటివాళ్లు అడుగుతూనే ఉన్నారు, ఇంకా గట్టిగా అడగాలి. కానీ తక్కువ కదా అని వదిలేయకండి. పదమూడేళ్ల పిల్ల ఢిల్లీ వాళ్ల ఎంపికలో నెగ్గింది అంటే ఆ పేరు తర్వాత ప్రతి దరఖాస్తులోనూ పనికొస్తుంది.

సీసీఆర్‌టీ ఏటా ఇచ్చే ఆ 650లో వంద స్కాలర్‌షిప్‌లు సంప్రదాయంగా కళే వృత్తిగా ఉన్న కుటుంబాల పిల్లలకి కేటాయించారు. ఈ సమాధానం చదివేవాళ్లలో చిందు యక్షగానం, ఒగ్గు కథ కుటుంబాల వాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి మీ పిల్లల చేత అప్లై చేయించండి. మా కూచిపూడి, భరతనాట్యం క్లాసుల నుంచి వెళ్లే గుంపుతో పోలిస్తే మీ నుంచి వెళ్లేవాళ్లు చాలా తక్కువ, అది చూస్తే నాకు బాధగా ఉంటుంది.

ఇప్పుడు కాగితాల సంగతి. ఎంపికలో ఓడిపోయిన పిల్లల కంటే కాగితాల దగ్గర ఆగిపోయిన పిల్లల్నే నేను ఎక్కువ చూశాను. మన తెలుగువాళ్లకి పేరుతో ఒక పెద్ద చిక్కుంది. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ముందుంటుంది, స్కూల్ బోనఫైడ్‌లో ఇంటిపేరు వెనక్కి పోతుంది, బ్యాంకు పాస్‌బుక్‌లో ఒక్క పొడి అక్షరం మిగులుతుంది, బర్త్ సర్టిఫికెట్‌లో అసలు ఇంటిపేరే ఉండదు. ఆన్‌లైన్ ఫారానికి ఇవి నలుగురు వేర్వేరు పిల్లలు. ఈ నాలుగూ టేబుల్ మీద పక్కపక్కన పెట్టి ఒక్కో అక్షరం సరిచూడండి, తేడా ఉంటే నోటిఫికేషన్ రాకముందే ఆ కాగితం ఇచ్చిన చోటికి వెళ్లి సరిచేయించుకోండి. పాప పేరు మీద బ్యాంకు ఖాతా లేకపోతే ఇప్పుడే తెరిపించండి.

రెండోది ఫీజు రసీదు. మనలో చాలామంది గురువులు రసీదులు ఇవ్వరు, ఫోన్‌పే కొడితే సరిపోతుంది అనుకుంటారు. ఫీజు తిరిగి రావాలంటే రసీదు ఉండాల్సిందే. పాప పూర్తి పేరు, ఏ నెలది, ఎంత, రసీదు నంబరు, గురువు సంతకం, సంస్థ ముద్ర, ఇవన్నీ ఉన్నది కావాలి. అడగడానికి మొహమాటపడకండి, గురువుగారిని డబ్బు లెక్క అడుగుతున్నట్టు కాదు అది. ‘మాస్టారూ, స్కాలర్‌షిప్ కోసం ఈ నెల నుంచి రసీదు ఇప్పించండి’ అంటే చాలు. ఎంపికైన తర్వాత ఆరునెలలకోసారి పాప ప్రగతి గురించి గురువు రాసిచ్చే రిపోర్టు పంపాలి, అది పంపకపోతే వచ్చే వాయిదా ఆగిపోతుంది. క్యాలెండర్‌లో ఆ రెండు నెలలూ గుర్తు పెట్టుకోండి, గురువుకి గుర్తుచేయడం మీ పనే అనుకోండి, ఎందుకంటే వార్షికోత్సవాల హడావుడిలో మేం మర్చిపోతాం.

సెలక్షన్ గురించి కూడా కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే తల్లిదండ్రులకి దీని మీదే ఎక్కువ టెన్షన్. నిపుణుల కమిటీ ముందు పిల్ల వచ్చి చేసి చూపించాలి. చాలామంది పళ్లెం అంచుల మీద నిలబడి చేసే తరంగమో, ఏదైనా పెద్ద అంశమో తీసుకుని పన్నెండు నిమిషాల పాటకి డాన్సు బట్టీ పట్టించి తీసుకొస్తారు. అక్కడ పన్నెండు నిమిషాలూ ఎవరూ చూడరు. ఒకసారి ఒక పాప పళ్లెం అంచుల మీద నిలబడి చాలా చక్కగా మొదలుపెట్టింది, రెండు నిమిషాలయ్యాక కమిటీలో ఒకావిడ చెయ్యెత్తి ఆపి, ‘పళ్లెం పక్కన పెట్టమ్మా, పాట లేకుండా మూడో జతి రెండో కాలంలో చెయ్యి, నోటితో చెప్పుకుంటూ’ అన్నారు. జతి అంటే తాళానికి చెప్పే అక్షరాల వరస, కాలం అంటే వేగం. పాప అలాగే నిలబడిపోయింది. కాళ్లకి వచ్చు, నోటికి రాదు. స్పీకర్లో పాట వస్తేనే కాళ్లు కదిలేలా నేర్పాం మనం. అదే రోజు వచ్చిన ఇంకో పిల్ల వేషం మామూలుగానే ఉంది, అడవులు (నాట్యంలో మొదట నేర్పే అడుగులు) కూడా తక్కువే వచ్చు, కానీ అడిగిన ప్రతి జతీ తాళం వేస్తూ చెప్పింది, మూడు కాలాల్లో అడుగు వేసింది, పతాకం అనే చేతి ముద్ర ఎక్కడెక్కడ వాడతారో శ్లోకం చెప్తూ పట్టి చూపించింది. ఎవరికి వచ్చి ఉంటుందో మీరే ఊహించుకోవచ్చు.

కాబట్టి మీ పాపకి సెలక్షన్ అయ్యేదాకా కొత్త అంశాలు నేర్పించకండి. వచ్చిన అడవులు, వచ్చిన జతులు మూడు కాలాల్లో, నోటితో చెప్తూ చేయించండి. ఒంటి చేత్తో పట్టే అసంయుత హస్తాలు, రెండు చేతులతో పట్టే సంయుత హస్తాలు, వాటి వినియోగాలు, శిరోభేదాలు (తల కదలికలు), దృష్టి భేదాలు (చూపుల రకాలు), తన గురువు ఎవరు, గురువుగారి గురువు ఎవరు, కూచిపూడికి ఆద్యుడని చెప్పే సిద్ధేంద్ర యోగి ఎవరు, తను చేసే అంశం ఏ రాగం, ఏ తాళం, ఎవరి రచన, అర్థం ఏమిటి. ముఖ్యంగా అర్థం. మాట అర్థం తెలియకుండా అభినయం చేసే పిల్ల కళ్లలో అది ఇట్టే తెలిసిపోతుంది.

పద్దెనిమిది దాటితే ఇంకోటి ఉంది, యువ కళాకారులకి ఇచ్చే స్కాలర్‌షిప్. కేంద్ర సాంస్కృతిక శాఖది, ఇప్పుడు అదీ సీసీఆర్‌టీయే చూస్తోంది. పద్దెనిమిది నుంచి ఇరవై ఐదేళ్ల వాళ్లకి, నెలకి 5,000 చొప్పున రెండేళ్లు, ఏటా 400 మంది దాకా. గురువు దగ్గర కనీసం ఐదేళ్లు నేర్చుకుని ఉండాలి. ఆరునెలలకోసారి వాయిదాల్లో వస్తుంది, నెలనెలా చేతికి రాదు, కాబట్టి దాన్ని నమ్ముకుని హాస్టల్ ఫీజు ప్లాన్ చేయకండి. ఇరవై ఐదు దాటితే జూనియర్ ఫెలోషిప్, నలభై దాకా, నెలకి 10,000. నలభై దాటినవాళ్లకి సీనియర్ ఫెలోషిప్, నెలకి 20,000, రెండూ రెండేళ్లే. ఇవి నేర్చుకోవడానికి కాదు, పరిశోధన లాంటి పనికి, ప్రాజెక్టు రాసివ్వాలి. మీ పాపకి ఇప్పుడు అక్కర్లేదు, చదివే పెద్దవాళ్ల కోసం చెప్పాను.

ఇంకొకటి గురువుగారి ద్వారా వచ్చేది. గురు శిష్య పరంపర పేరుతో కేంద్ర సాంస్కృతిక శాఖ ఇచ్చే గ్రాంటులో గురువుకి నెలకి 15,000, శిష్యులకి వయసుని బట్టి 2,000 నుంచి 10,000 దాకా ఇస్తారు. దీనికి విద్యార్థి అప్లై చేయడానికి లేదు, గురువుగారి రిజిస్టర్డ్ సంస్థే చేయాలి. మీ గురువుగారి సంస్థకి ఈ గ్రాంటు ఉందా అని అడగండి. లేకపోతే తప్పుపట్టకండి, ఆడిట్ లెక్కలు, ప్రోగ్రాముల ఫొటోలు, పేపరు క్లిప్పింగులు ఏళ్ల తరబడి దాచిపెట్టుకున్న సంస్థలకే అది సాధ్యమవుతుంది, ఒక్క గురువు ఒంటరిగా నడిపే క్లాసుకి చాలా కష్టం.

మన ఊళ్లో నిజంగా పెద్ద ప్రభుత్వ సాయం ఏదంటే స్కాలర్‌షిప్ కాదు, ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలలు. రాంకోఠిలో త్యాగరాజ ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల 1952 నుంచి ఉంది, సికింద్రాబాద్‌లో భక్త రామదాసు కళాశాల ఉంది. ప్రైవేటు క్లాసుల్లో కొన్ని నెలలకి అయ్యే ఖర్చు అక్కడ ఏడాది ఫీజుకి కూడా కాదు. సర్టిఫికెట్ కోర్సు నాలుగేళ్లు, తర్వాత డిప్లొమా రెండేళ్లు, పరీక్షలు తెలుగు విశ్వవిద్యాలయం నిర్వహిస్తుంది, అదే ఇప్పుడు సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టిన యూనివర్సిటీ. మీ ఇద్దరు పిల్లల ఫీజు భారం తగ్గాలంటే నేను మొదట చూపించే దారి ఇదే. మెట్రో ఉంది కాబట్టి కూకట్‌పల్లి నుంచి రాంకోఠి వైపు రావడం ఒకప్పుడంత కష్టం కాదు. బిల్డింగులు పాతవి, అద్దాల గదులు, ఏసీలు ఉండవు, పోస్టులు ఖాళీగా ఉంటే పార్ట్ టైం వాళ్లతో నడుస్తుంది, ఇవన్నీ నిజమే. అయినా అక్కడ నేర్చుకుని పైకి వచ్చినవాళ్లు ఈ ఊరి వేదికల మీద ఎంతోమంది ఉన్నారు. ఆ కళాశాలలకి పిల్లలు వెళ్తేనే ప్రభుత్వం పోస్టులు నింపుతుంది, మనం వెళ్లడం మానేస్తే మూసేయడానికి కారణం దొరుకుతుంది.

తర్వాత యూనివర్సిటీ చదువు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సరోజినీ నాయుడు స్కూల్‌లో నృత్యంలో పీజీ ఉంది, కూచిపూడి, భరతనాట్యం రెండూ. ఇలా కాలేజీలో, యూనివర్సిటీలో రెగ్యులర్‌గా చదివేవాళ్లకి మామూలు డిగ్రీ పిల్లలకి వచ్చే స్కాలర్‌షిప్‌లే వర్తిస్తాయి. రాష్ట్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్‌ల వెబ్‌సైట్ తెలంగాణ ఈపాస్‌లో ఫీజు రీయింబర్స్‌మెంట్, మెయింటెనెన్స్‌కి ఆదాయ పరిమితిలో ఉంటే, 75 శాతం హాజరుంటే అప్లై చేసుకోవచ్చు, అయితే బకాయిలు పేరుకుపోవడం పేపర్లలో చూస్తూనే ఉన్నాం, కాబట్టి టైంకి వస్తుందని లెక్కలో వేసుకోకండి. పీజీ అయ్యాక నెట్ రాయండి, అంటే యూజీసీ జాతీయ అర్హత పరీక్ష. ప్రదర్శన కళల సబ్జెక్టులో నృత్యం, నాటకం కలిపి ఒక పేపరు ఉంటుంది. జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకి 37,000, రెండేళ్ల తర్వాత 42,000, పీహెచ్‌డీ చేస్తూ తీసుకోవచ్చు. నాట్యం చదివినవాళ్లకి ఈ దేశంలో ప్రభుత్వం ఇచ్చే డబ్బులో నిజంగా ఇల్లు గడిచే మొత్తం ఇదొక్కటే అని నేను ప్రతి శిష్యురాలికీ చెప్తాను. దీనికీ ముప్పై ఏళ్ల పరిమితి ఉంది, కొన్ని వర్గాలకి, మహిళలకి సడలింపు ఉంటుంది.

ఇక మీ బాబు. బ్యాలే నేర్చుకునే పిల్లలకి మన దేశంలో ప్రభుత్వ స్కాలర్‌షిప్ లేదు. సీసీఆర్‌టీ జాబితాలో ఉన్నవి మన శాస్త్రీయ, జానపద, గిరిజన కళలు. ప్రభుత్వ బ్యాలే స్కూలు కూడా దేశంలో లేదు. ఎవరైనా ఉందని చెప్పి, ఢిల్లీలో తెలిసినవాళ్లున్నారని డబ్బులడిగితే దండం పెట్టి పంపేయండి. ఇది మనవాళ్లు బ్యాలే మీద పగబట్టి చేసింది కాదు, ఏ దేశం డబ్బు ఆ దేశం పిల్లలకే. బ్రిటన్‌లో మ్యూజిక్ అండ్ డాన్స్ స్కీం అని ఒకటుంది, రాయల్ బ్యాలే స్కూల్, ఎల్మ్‌హర్స్ట్ లాంటి స్కూళ్లలో చదివే పిల్లల ఫీజు తల్లిదండ్రుల ఆదాయాన్ని బట్టి అక్కడి విద్యాశాఖ భరిస్తుంది, కానీ అది అక్కడ స్థిరపడ్డ కుటుంబాల పిల్లలకి, ఇక్కడినుంచి వెళ్లేవాళ్లకి కాదు.

మన దేశం నుంచి వెళ్లినవాళ్లు ఎలా వెళ్లారో చూడండి. ముంబైలో వెల్డింగ్ పని చేసే ఆయన కొడుకు అమీరుద్దీన్ షా 2017లో లండన్ రాయల్ బ్యాలే స్కూల్‌కి వెళ్లాడు, దాతల డబ్బుతో. ఢిల్లీలో ఈ-రిక్షా నడిపే ఆయన కొడుకు కమల్ సింగ్ 2020లో ఇంగ్లిష్ నేషనల్ బ్యాలే స్కూల్‌కి ఎంపికైతే, ఆన్‌లైన్‌లో జనం వేసిన చందాలతో ఫీజు కట్టారు. ఇద్దరూ బ్యాలే ఆలస్యంగా మొదలుపెట్టినవాళ్లే, అయినా ఆ స్థాయికి వెళ్లడం అసాధారణం. లండన్ రాయల్ బ్యాలే స్కూల్లో చిన్నపిల్లల విభాగం పదకొండేళ్లకే మొదలవుతుంది, అంటే మీ బాబు వయసు పిల్లలు అక్కడ ఇప్పటికే ఆడిషన్లకి తయారవుతున్నారు. జర్మనీ దారి కూడా ఉంది, ఎస్సెన్‌లో ఫోక్‌వాంగ్ లాంటి ప్రభుత్వ కళా విశ్వవిద్యాలయంలో ట్యూషన్ ఫీజు ఉండదు, కానీ వీసా కోసం ఏడాది ఖర్చుకి పదకొండు వేల యూరోల పైచిలుకు ఖాతాలో చూపించాలి. డాడ్ అనే జర్మన్ సంస్థ నృత్యానికి కూడా స్కాలర్‌షిప్ ఇస్తుంది, డిగ్రీ అయినవాళ్లకి. ఈ జర్మనీ దారులు పద్దెనిమిది దాటాక మాట.

బాబుని బ్యాలే మానిపించమని నేను అనను, అంత చిన్న పిల్లాడు ఇష్టంగా వెళ్తున్నాడంటే ఆ ఇష్టమే విలువైనది. కానీ వాడికి పదేళ్లే కాబట్టి మీ చేతిలో ఇంకా నాలుగేళ్లున్నాయి. ఆ ప్రభుత్వ కళాశాలల్లో పేరిణి కూడా నేర్పుతున్నారు, నటరాజ రామకృష్ణ గారు మళ్లీ వెలుగులోకి తెచ్చిన నాట్యం, మగపిల్లల ఒంటికి, ఊపుకి సరిపోయేది. కాళ్లలో బలం, నిలకడ బ్యాలే వల్ల వాడికి ఇప్పటికే వచ్చి ఉంటాయి. వాణ్ణి ఒకసారి తీసుకెళ్లి క్లాసు చూపించండి, నచ్చితే బ్యాలేతో పాటు చేర్పించండి, పన్నెండు పదమూడేళ్లకి అక్కలాగే వాడూ సీసీఆర్‌టీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. నచ్చకపోతే బలవంతం చేయకండి, బ్యాలేకే ఖర్చు పెట్టండి, వారానికి ఎన్ని క్లాసులు నిజంగా అవసరమో టీచర్‌ని అడిగి తేల్చుకోండి. పదేళ్ల పిల్లాడికి నెల ప్యాకేజీలో ఉన్నవన్నీ అక్కర్లేకపోవచ్చు.

అరంగేట్రానికి ఏమైనా వస్తుందా అని చివర్లో అడిగారు. విద్యార్థి అరంగేట్రం ఖర్చుకి నాకు తెలిసిన ఏ పథకంలోనూ డబ్బు రాదు. హాలు, ఆర్కెస్ట్రా, భోజనాలు, వీడియో కలిపి లక్షల్లో పెడుతున్నారు ఇప్పుడు. అప్పు చేసి మాత్రం చేయకండి. గుడిలో ఉత్సవాలకి గంట కార్యక్రమం అడిగితే చాలా చోట్ల సంతోషంగా ఇస్తారు, గురువు నట్టువాంగం (తాళాలు వేస్తూ జతులు చెప్పడం), ఒక గాయకుడు, ఒక మృదంగం చాలు. మీ పాప చేసింది అరంగేట్రమా కాదా అని సీసీఆర్‌టీ వాళ్లూ అడగరు, యూనివర్సిటీ వాళ్లూ అడగరు.

ఈ వారంలో చేయాల్సింది ఆధార్, బర్త్ సర్టిఫికెట్, పాస్‌బుక్, బోనఫైడ్ సరిచూడటం. పేర్లలో తేడా ఎక్కడుందో రాయండి, ఏది ముందు మార్పించాలో చెప్తాను.